స్టార్ ఆటగాడు ఎక్కడ సంతకం పెడతాడు?

రండర్రా పిల్లలూ, అరుగు మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఇవాళ జోస్యాల కబుర్లు చెప్పుకుందాం. చిలక తీసే చీటీ జోస్యం కాదు, కాగితం పెన్సిలూ పెట్టుకుని చెప్పే జోస్యం. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలకి జూన్ నెలాఖరు వచ్చిందంటే ఒకటే గొడవ. బాస్కెట్‌బాల్ ఆడే ఫలానా మొనగాడు ఉన్న జట్టులోనే ఉంటాడా, వేరే ఊరికి పోతాడా, ఎన్నేళ్లకి ఒప్పుకుంటాడు, ఎంత తీసుకుంటాడు? ఫోన్ చేస్తే "తాతయ్యా, ఎలా ఉన్నావు" కంటే ముందు ఇదే మాట. పక్కనున్న పెద్దవాళ్లేమో "వాడి మనసులో ఏముందో ఎవరికి తెలుస్తుందిలే" అని కొట్టిపారేస్తారు. నేను మాత్రం కొట్టిపారెయ్యను. ఈ సంగతిలో సగం మనసు, సగం లెక్క. లెక్క సగం ఎంత ముచ్చటగా తేలుతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ముందు ఆ ఊరి కట్టుబాట్లు కాసిని తెలుసుకోవాలి. ఎన్‌బీఏ అనే ఆ లీగులో 30 జట్లున్నాయి. ఒప్పందం గడువు తీరిపోయిన ఆటగాణ్ణి ఫ్రీ ఏజెంట్ అంటారు, అంటే ఎవరితోనైనా బేరం మాట్లాడుకోవచ్చు. జూన్ 30 సాయంత్రం ఆరింటికి, అక్కడి తూర్పు తీరం గడియారం ప్రకారం, బయటి జట్లతో బేరాలు మొదలవుతాయి. అయితే డబ్బున్న జట్టు కదా అని ఎంతంటే అంత ఇవ్వడానికి వీల్లేదు. ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకి ఇంతకు మించి పెట్టకూడదని ఏటా ఒక గీత గీస్తారు. దాని పేరు సాలరీ కేప్. ఇప్పుడున్న పద్ధతి 1984–85లో మొదలైనప్పుడు ఆ గీత 36 లక్షల డాలర్లు. 2025–26కి వచ్చేసరికి అది దాదాపు 15.46 కోట్ల డాలర్లయింది! లీగుకి వచ్చే ఆదాయాన్ని బట్టి ఈ గీత జరుగుతూ ఉంటుంది. టీవీ వాళ్లు ఎక్కువ డబ్బిస్తే గీత పైకి లేస్తుంది.

ఒక్క ఆటగాడికి ఇచ్చేదానికీ హద్దుంది. లీగులో ఆరేళ్లు, అంతకు తక్కువ ఆడినవాడికి ఆ గీతలో 25 శాతం దాకా, ఏడు నుంచి తొమ్మిదేళ్లు ఆడినవాడికి 30 శాతం దాకా, పదేళ్లు నిండినవాడికి 35 శాతం దాకా. ఈ పదేళ్ల మాట మూట కట్టుకోండి, మళ్లీ మళ్లీ అవసరపడుతుంది. ఇక సొంత జట్టుకి కాస్త పైచెయ్యి ఇచ్చారు. తన ఆటగాణ్ణి నిలబెట్టుకోవడానికి గీత దాటినా ఒప్పుకుంటారు, బోస్టన్‌లో ఆడిన లారీ బర్డ్ పేరు మీదే ఆ వెసులుబాటుని పిలుస్తారు. సొంత జట్టు ఐదేళ్లకి రాసివ్వొచ్చు, బయటి జట్టు నాలుగేళ్లకే. ఏటా పెంపు సొంత జట్టు ఎనిమిది శాతం ఇస్తే, బయటి జట్టు ఐదే ఇవ్వగలదు. 2017కి ముందు ఈ పెంపులు ఇంకా తక్కువ, ఏడున్నర, నాలుగున్నర. ఇవన్నీ చూస్తే ఎవడైనా ఏమంటాడు? ఉన్నచోటే ఐదేళ్లకి సంతకం పెట్టేస్తే హాయి కదా అంటాడు. మరి 2014లో లెబ్రాన్ జేమ్స్ అలా ఎందుకు చెయ్యలేదు?

లెబ్రాన్ ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే ఊళ్లో పుట్టాడు. 2003లో ఆ పక్కనే ఉన్న క్లీవ్‌లాండ్ జట్టులో చేరాడు. 2010లో టీవీలో అందరి ముందూ కూర్చుని, మయామికి వెళ్తున్నానని చెప్పేసరికి క్లీవ్‌లాండ్ జనం అతని చొక్కాలు తగలబెట్టారు పాపం, అంత కోపం వచ్చింది. మయామిలో రెండు ట్రోఫీలు గెలిచి, 2014 జూలైలో మళ్లీ సొంతూరి జట్టుకే వస్తున్నానన్నాడు. ఊరంతా పండగ. తీరా ఒప్పందం చూస్తే రెండేళ్లకే రాసుకున్నాడు, అందులోనూ రెండో ఏడు తన ఇష్టం, కావాలంటే ఉంటాడు, లేకపోతే బయటికొస్తాడు. జనం గుండెల్లో రాయి పడింది. మళ్లీ వెళ్లిపోవడానికే ఈ ఏర్పాటంతా అన్నారు. 2015లో నిజంగానే బయటికొచ్చాడు, మళ్లీ అదే జట్టుతో అదే పద్ధతిలో సంతకం పెట్టాడు. 2016లో మళ్లీ బయటికొచ్చాడు, మళ్లీ అక్కడే పెట్టాడు. ఇదేం చోద్యం?

ఇక్కడే మన పొలం సంగతి చెప్పాలి. నీకో మెట్ట చేను ఉందనుకో నాన్నా. దాన్ని కౌలుకిస్తే, పంట ఎంత పండినా నీకు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట. పాలుకిస్తే, పండినదాంట్లో మూడో వంతు నీది. ఇప్పుడు రెండేళ్లలో ఆ చేనికి కాలువ నీళ్లొస్తున్నాయని నీకు కబురందింది. నాలుగేళ్ల కౌలు కాగితం మీద ఇవాళే వేలిముద్ర వేస్తావా? వెయ్యవు. ఏడాదికో కాగితం రాసుకుంటూ, నీళ్లొచ్చిన ఏడు చూసుకుని పాలు మాట్లాడతావు. ఎన్‌బీఏలో హద్దు దాకా తీసుకునే ఆటగాడి ఒప్పందంలో విచిత్రమేమిటంటే, మొదటి ఏడు జీతం పాలు లెక్కన ఉంటుంది, ఆ ఏటి గీతలో ఇంత వంతు అని. రెండో ఏడు నుంచి అది కౌలైపోతుంది, మొదటి జీతం మీద ముందే రాసుకున్న పెంపు, అంతే. గీత ఎంత పైకి లేచినా ఆ ఒప్పందం ఉన్నన్నాళ్లూ దానితో నిమిత్తం లేదు.

మరి కాలువ ఏది? టీవీ ఒప్పందం. 2014 అక్టోబరులో లీగుకీ టీవీ సంస్థలకీ 9 ఏళ్లకి 2,400 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది, 2016–17 నుంచి అమలు. లెబ్రాన్ జూలైలో సంతకం పెట్టే నాటికి అది ఇంకా కుదరలేదు గానీ, పెద్ద మొత్తం రాబోతోందని ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు అంకెలు చూడండి. 2014–15లో గీత 6.3 కోట్లు, లెబ్రాన్ జీతం 2.06 కోట్లు. మరుసటి ఏడు గీత 7 కోట్లు, జీతం సుమారు 2.3 కోట్లు. 2016–17లో గీత ఒక్క గెంతున 9.41 కోట్లు, జీతం 3.1 కోట్లు. ప్రతి ఏడూ దాదాపు మూడో వంతు! 35 శాతమన్నావు కదా తాతయ్యా అంటారేమో, అప్పట్లో జీతాల పరిమితికి లెక్కగట్టే విధానం కొంచెం వేరు, అందుకని నిక్కచ్చిగా 35 రాదు. ఆ మెలిక ఇప్పుడు మనకక్కర్లేదు. అతనే 2014లో నాలుగేళ్లకి, నాలుగున్నర శాతం పెంపుతో రాసుకుని ఉంటే మూడో ఏడు వచ్చేది సుమారు 2.25 కోట్లు. తీసుకున్నది 3.1 కోట్లు. ఒక్క ఏడాదిలో తేడా 85 లక్షల డాలర్లు.

నాకు ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా సంతోషమే. ఊరంతా అతని ముఖం చూసి, మాట తీరు చూసి, ఉంటాడా పోతాడా అని నిద్ర మానుకుంటే, జవాబు మూడు అంకెల్లో కూర్చుని ఉంది. దానికి ఇంకో రుజువూ ఉంది. 2018లో లెబ్రాన్ లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కి వెళ్లాడు. ఈసారి నాలుగేళ్లకి రాశాడు, 15.3 కోట్లు, నాలుగో ఏడు మాత్రం తన ఇష్టం. ఎందుకంటే అప్పటికి గీత గెంతడం మానేసింది, 9.9 కోట్ల నుంచి 10.2 కోట్లకి మెల్లగా నడుస్తోంది. వయసా, 33 దాటింది. కాలువ వచ్చేసింది, పంట ఒక దారిన పడింది, ఇక ఏటేటా కాగితం రాసుకునే అవసరం లేదు.

అయితే ఇంత లెక్క తెలిసినా ఊరి పేరు చెప్పగలమా? ఇక్కడ కెవిన్ డురాంట్ కథ చెప్పాలి, ఇది నాకు మరీ ఇష్టమైన కథ. 2016 వేసవిలో అతను ఓక్లహోమా సిటీ జట్టులో ఉన్నాడు, లీగులో తొమ్మిదేళ్లు పూర్తయ్యాయి. లెక్క తెలిసినవాళ్లు చాలామంది ఏమన్నారంటే, "ఇప్పుడు రెండేళ్లకి, రెండో ఏడు తన ఇష్టం ఉండేలా రాసుకుంటాడు, 2017లో పదేళ్లు నిండాక బయటికొచ్చి 35 శాతం వాటా అడుగుతాడు, ఆ ఏడాదికి ఓక్లహోమాలోనే ఉంటాడు." జూలై 4న డురాంట్ తన నిర్ణయం రాసి ప్రకటించాడు. ఒప్పందం అక్షరాలా వాళ్లు చెప్పినట్టే, రెండేళ్లు, 5.43 కోట్లు, రెండో ఏడు తన ఇష్టం. జట్టు మాత్రం గోల్డెన్ స్టేట్ వారియర్స్! అంతకు నెల ముందే, ఆటల వరసలో మూడు గెలిచి ఒకటే ఓడి ముందున్న డురాంట్ జట్టుని వెనక్కి లాగి ఓడించిన జట్టది. ఆ సీజన్లో 73 ఆటలు గెలిచి తొమ్మిదే ఓడింది. అంత గొప్ప జట్టులో అంత పెద్ద ఆటగాడికి చోటెలా దొరికిందంటారు?

అదే కదా కథ. ఆ జట్టులో స్టెఫెన్ కర్రీ అని ఒకడున్నాడు, దూరం నుంచి బంతి వేస్తే వలలోనే పడుతుంది. కుర్రవాడుగా ఉన్నప్పుడు అతని చీలమండ మాటిమాటికీ బెణికేది. 2011–12 సీజన్లో 26 ఆటలే ఆడగలిగాడు. 2012లో కొత్త ఒప్పందం వేళ, కాలు నిలబడుతుందో లేదో అన్న అనుమానంతో నాలుగేళ్లకి 4.4 కోట్లకే రాసుకున్నారు. తర్వాత కాలు కుదుటపడింది, లీగులోనే ఉత్తమ ఆటగాడయ్యాడు, జీతం మాత్రం 2016–17లోనూ 1.2 కోట్లే. ఇంతలో టీవీ డబ్బుతో గీత గెంతబోతోంది. దాన్ని కొద్దికొద్దిగా పెంచుదామని లీగు అడిగితే ఆటగాళ్ల సంఘం 2015లో వద్దంది, వచ్చేది ఒక్కసారే రానీ అంది. గెంతింది. వారియర్స్ కొందరు ఆటగాళ్లని వదులుకుని, ఒక పెద్ద జీతానికి సరిపడా జాగా చేసుకుంది. ఒక చీలమండ, ఒక టీవీ ఒప్పందం, ఒక సంఘం తీర్మానం, ఈ మూడూ ఒకే ఏడాది కలిశాయి. 2012లో ఆ కాలికి కట్టు కట్టిన డాక్టరు, నాలుగేళ్ల తర్వాత డురాంట్ ఏ ఊరు వెళ్తాడో చెప్పగలడా? ఏ ఒక్క ముక్కా రహస్యం కాదు. అన్నీ కలిపి చూసినవాళ్లు కొద్దిమంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే లెక్కే సర్వస్వమని మీరనుకుంటారు. 2017లో డురాంట్‌కి పదేళ్లు నిండాయి. 35 శాతం వాటా అంటే దాదాపు 3.47 కోట్లు. అతను తీసుకున్నది 2.5 కోట్లు. తన తోటి ఆటగాళ్లు ఇగుడాలా, లివింగ్‌స్టన్ జట్టులోనే ఉండేలా తన జీతం తగ్గించుకున్నాడు. మనిషి డబ్బుతో పాటు గెలుపునీ, స్నేహాన్నీ తూకంలో వేసుకుంటాడు. ఆ తూకంలో దేనికెంత బరువో మనకి బయటికి కనబడదు. జట్టు ఆ మరుసటి వేసవిలో మళ్లీ ట్రోఫీ ఎత్తింది.

అందుకే నేనంటాను, ఈ జోస్యంలో రెండు ప్రశ్నలున్నాయి, రెంటినీ కలిపెయ్యకూడదు. ఎన్నేళ్లకి, ఏ తీరు కాగితం అన్నది కట్టుబాట్ల ప్రశ్న, దానికి నమ్మకంగా జవాబు చెప్పొచ్చు. ఏ ఊరు అన్నది మనిషి ప్రశ్న, దానికి ఇంత అవకాశం ఉందని మాత్రమే చెప్పగలం.

2019లో కవై లెనర్డ్ దీన్ని మళ్లీ చూపించాడు. టొరాంటో జట్టుకి మొట్టమొదటి ట్రోఫీ గెలిచి పెట్టి, నెల తిరగకుండా ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాడు. అందరూ మూడు జట్ల పేర్లు చెప్పుకున్నారు, ఉన్న టొరాంటో, లాస్ ఏంజిలిస్‌లోని రెండు జట్లు. చివరికి అందులో క్లిప్పర్స్‌కి వెళ్లాడు. కాని ఆ జట్టు ఒక్కణ్ణే తెచ్చుకోలేదు. ఓక్లహోమాతో ఒప్పందంలో ఉన్న పాల్ జార్జ్‌ని కూడా అదే రాత్రి మారకం వేసి తెచ్చింది. జార్జ్ ఫ్రీ ఏజెంటే కాడు! ఎవరి జాబితాలోనూ లేని పేరు. అతని కోసం కొత్త కుర్రాళ్లని ఎంచుకునే ఐదు మొదటి రౌండు డ్రాఫ్టు హక్కులూ, షే గిల్జస్ అలెగ్జాండర్ అనే కుర్రవాణ్ణీ ఇచ్చేశారు. ఆ కుర్రవాడే 2025లో లీగు ఉత్తమ ఆటగాడై, ఓక్లహోమాని విజేతగా నిలబెట్టాడు. మరి కాగితం సంగతి? కవైకి అప్పటికి లీగులో ఎనిమిదేళ్లు. మూడేళ్లకి రాసుకుని మూడో ఏడు తన ఇష్టం పెట్టుకున్నాడు, అంటే రెండేళ్లకి పదేళ్లు నిండుతాయి. మధ్యలో కోవిడ్ వచ్చి గీత ఒక ఏడు అంగుళం కూడా కదల్లేదు. అయినా 2021లో బయటికొచ్చి అదే జట్టుతో నాలుగేళ్లకి 17.6 కోట్లు రాసుకున్నాడు. మహమ్మారి వచ్చినా పదేళ్ల లెక్క తప్పలేదు.

ఇక గుర్తులు. లెబ్రాన్ 2015లో లాస్ ఏంజిలిస్‌లో ఒక ఇల్లు కొన్నాడు, 2017లో ఇంకోటి. ఇల్లు కొన్నాడంటే అక్కడికే పోతున్నాడని కొందరు ఒట్టేసి చెప్పారు. ఏ గుర్తు చూసినా మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఈ పని చేసి ఉండేవాడా? అంత డబ్బున్నవాళ్లు, వేసవిలో సినిమా పనులున్నవాళ్లు లాస్ ఏంజిలిస్‌లో ఇల్లు కొంటూనే ఉంటారు. కాబట్టి ఆ గుర్తుకి బరువు ఉంది గానీ కొద్దిదే. మొదటి ఇల్లు కొన్నాక కూడా మూడేళ్లు క్లీవ్‌లాండ్‌లోనే ఆడాడు మరి. పన్నుల సంగతీ ఇంతే. ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో బాగా ఎక్కువ. మరి అందరూ ఫ్లోరిడాకే పోవాలి కదా? పోరు. ఆటగాడు ఏ రాష్ట్రంలో ఆడితే ఆ ఆట తాలూకు సంపాదన మీద సాధారణంగా అక్కడ పన్ను కట్టాలి, సగం ఆటలు బయటే. ఆ తేడా అనుకున్నంత పెద్దగా మిగలదు.

సరే, అవకాశాలు చెబుతాం, మరి ఎవరు బాగా చెప్పారో తేల్చేదెలా? "డెబ్బై శాతం ఉంటాడు" అన్నవాడు, ఆటగాడు వెళ్లిపోతే తప్పు చెప్పినట్టా? వాన కబురు చెప్పేవాళ్లకి ఈ చిక్కు ఎప్పుడో వచ్చింది. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన గ్లెన్ బ్రయర్ 1950లో దానికో చక్కటి కొలత రాశాడు. మీరు చెప్పిన అవకాశాన్ని పూర్తి ఒకటిలో భాగంగా రాయండి, డెబ్బై శాతమంటే 0.7. అనుకున్నది జరిగితే ఒకటి, జరగకపోతే సున్నా. రెంటికీ ఉన్న తేడాని దానితోనే హెచ్చవేయండి. జరిగితే తేడా 0.3, హెచ్చవేస్తే 0.09. జరగకపోతే 0.7ని 0.7తో హెచ్చవేస్తే 0.49. ఇదే తప్పు మార్కు, తక్కువ వస్తే మేలు. నూటికి నూరు అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పి తప్పితే ఏకంగా 1. ఎటూ తేల్చకుండా ప్రతిసారీ సగం సగం అనేవాడికి ఎప్పుడూ 0.25. ఒక్క జోస్యంతో ఏమీ తేలదు. ఇరవై ముప్పై జోస్యాలు రాసి సగటు తీస్తే, అది 0.25 కన్నా కిందికి దిగితే మీకేదో తెలుసన్నమాట. బిగ్గరగా చెప్పేవాడికీ, బాగా చెప్పేవాడికీ తేడా ఆ సగటులో బయటపడుతుంది.

కాబట్టి పిల్లలూ, వచ్చే జూన్ 30 సాయంత్రం లోగా ఒక నోటుపుస్తకం తీయండి. ఒప్పందం ముగుస్తున్న ఐదారుగురు ఆటగాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరు లీగులో చేరి ఎన్నేళ్లయిందో చూసి, ఏడో ఏటికో పదో ఏటికో ఎంత దూరంలో ఉన్నారో పక్కన వేయండి, ఎన్నేళ్ల కాగితమో ముందు దాన్నిబట్టి చెప్పండి. ఊరి పేరు వేరే గడిలో, శాతంతో సహా, సిరాతో రాయండి, తర్వాత దిద్దకూడదు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మీ అన్నలకీ అక్కలకీ కూడా రాసి పెట్టుకోమనండి. జూలై రెండో వారంలో అందరం కలిసి తప్పు మార్కులు వేద్దాం.